పొదుపు పథకములలో ఎవరు చేరుదురు, ఎవరు చేరరు, ఎందుకు?
(సభ్య సంఘములకు అధ్యయన పాఠము)

పాల సంఘమునకు మిగులు రెండు మార్గముల వచ్చును. పాలకు ఎక్కువ ధర వచ్చుట ఒకటి, ఖర్చు తగ్గుట రెండవది. మొదటిది గ్రామ సంఘము చేతిలో లేదు. రెండవది చాలవరకు మన చేతిలోనిదే. సంఘములో బల్క్ కూలరు ఉన్నచోట ఖర్చు పద్దులలో జీతముల తరువాత కనబడునవి విద్యుత్తు బిల్లు, జనరేటరు డీజిలు. ఈ రెంటిని తగ్గించుటకు ప్రభుత్వము, ప్రభుత్వ రంగ సంస్థలు అనేక పథకములు పెట్టినవి. అయినను వానిలో చేరిన వ్యాపార సంస్థలు, సంఘములు తక్కువ. లాభము కలుగునని తెలిసియు ఎందుకు చేరరు? ఈ ప్రశ్నను ఇతర దేశములలోను, మన దేశములోను శ్రద్ధగా పరిశీలించినవారున్నారు. వారు కనుగొన్నదానిని మన పాల సంఘమునకు అన్వయించి చూచుటయే ఈ పాఠము ఉద్దేశము.

1. పథకములు ఎన్ని రకములు?

మన దేశములో ఇంధన పొదుపు చట్టము 2001లో వచ్చినది. దాని ప్రకారము ఇంధన సామర్థ్య బ్యూరో 2002 మార్చి 1వ తేదీన ఏర్పడినది. నాటినుండి వచ్చిన పథకములను స్థూలముగా నాలుగు తరగతులుగా చెప్పుకొనవచ్చును.

(అ) నిర్బంధ పథకములు: పెద్ద కర్మాగారములకు ప్రభుత్వమే లక్ష్యము నిర్ణయించును. 'పాట్' అను పథకము మొదటి విడత 2012 నుండి 2015 వరకు నడచినది. సిమెంటు, ఎరువులు, ఉక్కు, కాగితము మొదలగు 8 రంగములలో 478 సంస్థలకు లక్ష్యములు ఇచ్చిరి. లక్ష్యమునకు మించి ఆదా చేసినవారు సర్టిఫికెట్లు పొంది, చేయలేనివారికి అమ్ముకొనవచ్చును.

(ఆ) సమాచార పథకములు: యంత్రములపై నక్షత్రపు గుర్తులు, ఇంధన ఆడిట్లు ఈ తరగతిలోనివి. నక్షత్రపు గుర్తుల పద్ధతి 2006లో మొదలైనది. ఇంధన ఆడిట్ అనగా నిపుణుడు వచ్చి యంత్రములను పరీక్షించి, ఎక్కడ విద్యుత్తు వృథా యగుచున్నదో వ్రాసి ఇచ్చుట.

(ఇ) అప్పు, రాయితీ పథకములు: 2025 జూలైలో బ్యూరో 'అడీటీ' అను పథకమును ప్రారంభించినది. మేలైన యంత్రములకు అప్పు తీసికొను సూక్ష్మ, చిన్న సంస్థలకు వడ్డీలో 5 శాతము, మధ్యతరహా సంస్థలకు 3 శాతము రాయితీ ఇందులో కలదు.

(ఈ) ఆదా నుండి చెల్లింపు పథకములు: పెట్టుబడి వేరొక సంస్థ పెట్టును. బిల్లులో తగ్గిన సొమ్ము నుండి దానికి వాయిదాలు చెల్లించవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు దెబ్బతిన్న విశాఖపట్నములో వీధి దీపములను ఎల్.ఇ.డి. దీపములుగా మార్చినది ఈ పద్ధతిలోనే. పెట్టుబడి పెట్టినది ప్రభుత్వ రంగములోని ఇ.ఇ.యస్.యల్. సంస్థ.

మొదటి తరగతిలో చేరుట, చేరకపోవుట అను ప్రశ్న లేదు. తక్కిన మూడును స్వచ్ఛందములు. మన ప్రశ్న వానిని గురించియే.

2. పరిశీలించినవారు ఏమి కనుగొనిరి?

అమెరికాలో 1976లో ఒక పథకము మొదలైనది. విశ్వవిద్యాలయముల ఆచార్యులు, విద్యార్థులు చిన్న, మధ్యతరహా కర్మాగారములకు పోయి ఉచితముగా ఇంధన ఆడిట్ చేసి సలహాలు వ్రాసి ఇచ్చిరి. ఏ సలహా అమలైనది, ఏది కాలేదు అన్న వివరములను భద్రపరచిరి. ఆండర్సన్, న్యూవెల్ అను ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ వివరములను పరిశీలించి 2004లో ఫలితములు ప్రకటించిరి. ఇచ్చిన సలహాలలో సుమారు సగము మాత్రమే అమలైనవి. ఆడిట్ ఉచితము, సలహా లాభకరము, అయినను సగము కాగితముపైననే నిలిచినవి.

వారు గమనించిన మరొక విషయము మనకు ముఖ్యము. పెట్టిన సొమ్ము ఒకటి రెండు సంవత్సరములలో తిరిగి వచ్చునట్లున్ననే చాలమంది యజమానులు ఒప్పుకొనిరి. ఏటేట వచ్చు ఆదా కన్న మొదట చేతి నుండి పోవు సొమ్మే వారి నిర్ణయముపై ఎక్కువగా పనిచేసినది. వందల రూపాయల ఆదా రేపటిది, వేల రూపాయల ఖర్చు నేటిది. మనుష్య స్వభావము ఏ దేశములోనైనను ఒకటే.

మన దేశములో గుజరాతు రాష్ట్రమున నికొలస్ రయన్ అను పరిశోధకుడు నాలుగు వందలకు పైగా కర్మాగారములతో ఇటువంటి పరీక్ష జరిపెను. లాటరీ తీసి కొన్నింటికి ఇంధన ఆడిట్, తరువాత నిపుణుల సహాయము ఇప్పించి, తక్కిన వానిని పోల్చుటకు ఉంచిరి. ఆడిట్ పొందినవారు కొత్త యంత్రములపై పెట్టిన పెట్టుబడి స్వల్పముగానే ఉన్నది. యంత్రముల పనితీరు మెరుగైనచోట కూడ మొత్తము విద్యుత్తు వాడకము తగ్గలేదు. సామర్థ్యము పెరిగినప్పుడు యజమాని యంత్రమును ఎక్కువసేపు నడుపుట సహజము. అందువలననే ఆదాను మొత్తము బిల్లుతో గాక, సరకు పరిమాణముతో కలిపి లెక్కించవలెను. మన విషయములో నూరు లీటర్ల పాలకు ఎన్ని యూనిట్లు అని చూడవలెను.

3. పరిశీలనలో జరుగు మూడు పొరపాట్లు

ఏ పథకమునైనను విచారించునప్పుడు ఈ మూడింటిని గుర్తుంచుకొనవలెను.

ఒకటి: చేరినవారిని, చేరనివారిని నేరుగా పోల్చుట. పశు పోషణ శిక్షణకు వచ్చు రైతులు చాలవరకు ముందునుండియే శ్రద్ధ గలవారు. వారి పశువులు ఎక్కువ పాలు ఇచ్చినచో అదంతయు శిక్షణ ఫలితమని చెప్పలేము. పొదుపు పథకములును అట్లే. ముందే జాగ్రత్తగా నడచు సంస్థలే ముందుగా చేరును. పథకము లేకున్నను వారు కొంత ఆదా చేసియుందురు. 'పాట్' మొదటి విడతలో లక్ష్యము 66.86 లక్షల టన్నుల నూనెకు సమానమైన ఇంధనము కాగా, సాధించినది సుమారు 86.7 లక్షల టన్నులు. ఇది మంచి ఫలితమే. అయినను ఇందులో ఎంత పథకము వలన, ఎంత కర్మాగారములు తమంతట తాము చేసికొన్నది అని అడుగుట పరిశీలకుని ధర్మము. గుజరాతులో లాటరీ తీసినది ఈ చిక్కు తొలగించుటకే.

రెండు: మొదటి కొలత లేకుండ ఆదా చెప్పుట. మార్చి నెల బిల్లును డిసెంబరు బిల్లుతో పోల్చిన ప్రయోజనము లేదు. వేసవిలో పాలు తగ్గును, ఎండ పెరుగును. శీతకాలములో పాలు పెరుగును, యంత్రమునకు శ్రమ తగ్గును. ఈ సంవత్సరము మార్చిని క్రిందటి సంవత్సరము మార్చితోనే, నూరు లీటర్ల లెక్కనే పోల్చవలెను.

మూడు: చేరినవారిని మాత్రమే ప్రశ్నించుట. చేరినవారు పథకము బాగున్నదని చెప్పుదురు. చేరనివారి మాట వినినప్పుడే అసలు కారణము తెలియును.

4. మన బల్క్ కూలరు లెక్క

కేంద్రమునకు వచ్చునప్పటికి పాల వేడిమి సుమారు 35 డిగ్రీలు. దానిని 4 డిగ్రీలకు దింపవలెను. వెయ్యి లీటర్ల పాల నుండి ఆ మేరకు తీయవలసిన వేడి, విద్యుత్తు యూనిట్లలో చెప్పిన సుమారు 35 యూనిట్లు. మంచి స్థితిలోనున్న కంప్రెసరు ఒక యూనిటు విద్యుత్తుతో రెండున్నర నుండి మూడు యూనిట్ల వేడిని తీయగలదు. కావున చల్లబరచుటకు వెయ్యి లీటర్లకు 12 నుండి 14 యూనిట్లు చాలును. పాలను కలుపు మోటారు, నీటి పంపు, దీపములు దీనికి అదనము. కండెన్సరుకు దుమ్ము పట్టినను, యంత్రము గాలి ఆడని గదిలోనున్నను, ఎండ తగిలినను ఈ సంఖ్య పెరుగుచు పోవును.

ఉదాహరణకు, రోజుకు 2,000 లీటర్లు సేకరించు సంఘమొకటి ఉన్నదనుకొందము. వెయ్యి లీటర్లకు అన్నియు కలిపి 20 యూనిట్లు ఖర్చగుచున్నవి. రోజుకు 40, నెలకు 1,200 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకొనిన నెలకు 9,600 రూపాయలు. పాలు ట్యాంకులో పడకముందే బోరు నీటితో కొంత చల్లార్చు పలకల కూలరు, దానితోపాటు కొన్ని మరమ్మతులు కలిపి 60,000 రూపాయలగునని, వాని వలన 15 శాతము ఆదా వచ్చునని అనుకొందము.

నెలకు ఆదా: 180 యూనిట్లు, అనగా 1,440 రూపాయలు.
సంవత్సరమునకు: 17,280 రూపాయలు.
పెట్టుబడి తిరిగి వచ్చు కాలము: 60,000ను 17,280తో భాగింపగా సుమారు మూడున్నర సంవత్సరములు.

ఇప్పుడు సభ్యుని వైపు నుండి చూడుడు. సంవత్సరమునకు 7,30,000 లీటర్లు. లీటరుకు ఆదా రెండు పైసల పైచిలుకు మాత్రమే. రోజుకు అయిదు లీటర్లు పోయు సభ్యురాలికి సంవత్సరమునకు సుమారు 43 రూపాయలు. ఇంతకొరకు ఆమె సర్వసభ్య సమావేశములో లేచి అడుగుననుకొనుట న్యాయము కాదు. కూలరు ఎప్పుడు కొందురని అడుగును, పాల ధర ఎందుకు తగ్గినదని అడుగును. కండెన్సరు కడిగితిరా అని అడుగదు.

పాలకవర్గము వైపు నుండియు చూడుడు. వారి పదవీకాలము అయిదేండ్లు. మొదటి సంవత్సరము పాత బాకీలతో పోవును. మూడవ ఏట పెట్టిన సొమ్ము తరువాతి పాలకవర్గపు కాలములో గాని తిరిగి రాదు. అప్పు తెచ్చిన నింద వీరిది, మిగులు చూపిన పేరు వారిది. సంఘముల మినిట్స్ పుస్తకములలో ఇటువంటి విషయము ఒకే మాటతో సమావేశము తరువాత సమావేశము కనబడుట తనిఖీలో నేను చూచుచుందును: 'తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది.' ఇది అజ్ఞానము వలన కాదు. ఎవరి లెక్క వారికి సరిగనే ఉన్నది.

5. చెల్లించునదెవరు? నిర్ణయించునదెవరు? లాభము ఎవరిది?

చేరకపోవుటకు అసలు కారణము చాలచోట్ల ఇక్కడనే దొరుకును. అద్దె ఇంటిలో యజమాని కిటికీలు బాగుచేయించడు, బిల్లు కట్టునది అద్దెదారుడు గనుక. అద్దెదారుడును చేయించడు, ఇల్లు తనది కాదు గనుక. వ్యాపార భవనములలో పొదుపు పథకములు వెనుకబడుటకు ఈ చిక్కు ఒక ముఖ్య కారణమని పరిశీలకులు చెప్పుదురు.

పాల సంఘములోను ఇదే చిక్కు కలదు. చాలచోట్ల కూలరు జిల్లా యూనియనుది, గది సంఘముది, నడుపునది కార్యదర్శి లేక సహాయకుడు. ఇక బిల్లు విషయములో రెండు పద్ధతులున్నవి.

మొదటి పద్ధతిలో యూనియను చల్లబరచినందుకు లీటరుకు ఇన్ని పైసలని చెల్లించును. అప్పుడు ఆదా అంతయు సంఘమునకు మిగులును. కాని యంత్రము తనది కానందున సంఘము దానిపై పెట్టుబడి పెట్టదు.

రెండవ పద్ధతిలో బిల్లు ఎంత వచ్చిన అంత యూనియను తిరిగి ఇచ్చును. అప్పుడు ఆదా యూనియనుకు చెందును. కండెన్సరు శుభ్రము చేయవలసినవాడు గ్రామములో ఉన్నాడు. అతడు కడిగిన నేమి, కడుగకున్న నేమి, సంఘమునకు పైసా తేడా లేదు.

రెండు పద్ధతులలోను యంత్రము ప్రక్కన నిలబడి పనిచేయు సహాయకునికి రాబడి ఏమియు లేదు. పొదుపు అతని చేతులమీదుగా జరుగవలెను, ఫలము మాత్రము పైకి పోవును. ఏ పథకమైనను ఈ ముగ్గురి లెక్క కుదిర్చిననే నిలుచును.

6. చిన్న మొత్తములను కలుపుట

అయిదు లీటర్ల పాలను ఒక్క రైతు పట్టణమునకు తీసికొనిపోయి అమ్ముకొనలేడని మనకు తెలియును. అందుకే సంఘము ఏర్పడినది. పొదుపు విషయములోను ఇదే సూత్రము వర్తించును. ఒక్క సంఘమునకు 17,280 రూపాయలు చిన్న మొత్తము. నిపుణుడైన ఆడిటరును పిలిచిన ఫీజుకే సరిపోవచ్చును. అటువంటి సంఘములు నూరు కలిసినచో సంవత్సరమునకు 17,28,000 రూపాయలు. యంత్రములు పదేండ్లు పనిచేసిన 1,72,80,000 రూపాయలు. దీనికి పెట్టుబడి 60 లక్షలు. ఈ లెక్కను బ్యాంకు వినును, యంత్రముల కంపెనీయు ధర తగ్గించును.

ఎల్.ఇ.డి. దీపముల విషయములో జరిగినది ఇదియే. ఇ.ఇ.యస్.యల్. సంస్థ దేశమంతటి అవసరమును కలిపి టెండరు పిలిచినది. 2014లో 310 రూపాయలకు కొన్న దీపము కొద్ది సంవత్సరములలోనే 40 రూపాయల లోపునకు వచ్చినది. 2015 జనవరిలో ఉజాలా పథకము దేశవ్యాప్తముగా మొదలైనప్పుడు కొన్నిచోట్ల కరెంటు బిల్లుతో కలిపి నెలకు పది రూపాయల వాయిదాలలోను దీపములు ఇచ్చిరి. మొదటి ఖర్చు అను అడ్డంకి తొలగిన తరువాత ప్రజలే వరుసలో నిలబడి తీసికొనిరి. ఆ దీపము మంచిదని వారికి ముందును తెలియును. మారినది ధర, చెల్లింపు విధానము.

కావున యూనియను స్థాయిలో ఈ క్రింది మార్గమును ఆలోచింపవచ్చును.

(1) అన్ని కేంద్రములలో ఒక సంవత్సరము పాటు నెలవారీ పాల లీటర్లు, విద్యుత్తు యూనిట్లు, డీజిలు లీటర్లు ఒకే నమూనా పట్టికలో వ్రాయించుట.
(2) నూరు లీటర్లకు యూనిట్లు ఎక్కువగానున్న కేంద్రములను ముందుగా ఆడిట్‌కు ఎంచుట. ఖర్చును అందరు పంచుకొనుట.
(3) పెట్టుబడిని యూనియనే పెట్టి, ఆదా నుండి విడతలుగా రాబట్టుకొనుట. ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకములలో అర్హత ఉన్నదేమో విచారించుట.
(4) ఆదాలో ఒక వంతు సంఘమునకు, కొంత భాగము యంత్రము నడుపు వ్యక్తికి చెందునట్లు ముందుగానే లిఖితపూర్వక ఒప్పందము చేయుట.

నాల్గవది లేకుండ మొదటి మూడు నిలువవు.

7. ఖర్చు లేకుండ ఇప్పుడే చేయదగినవి

పథకము వచ్చువరకు కూర్చుండ నక్కరలేదు. కండెన్సరును వారమునకొకసారి శుభ్రము చేయవలెను. యంత్రము చుట్టును గాలి ఆడునట్లు ఖాళీ క్యాన్లు, సంచులు తీసివేయవలెను. ట్యాంకు మూత సరిగా పడుచున్నదో చూడవలెను. జనరేటరు నడచిన గంటలు వ్రాయవలెను. లీటరు డీజిలుకు వచ్చునది సుమారు మూడు యూనిట్లే. నేటి డీజిలు ధరను మూడుతో భాగించి చూచినచో జనరేటరు యూనిటు ఎంత ఖరీదైనదో ప్రతివారికి బోధపడును. కరెంటు వేళలకు పాల సేకరణ సమయమును సర్దుకొనుట అన్నిటికంటె పెద్ద పొదుపు.

ఒక హెచ్చరిక. కూలరును తొందరగా ఆపి, పాలను 4 డిగ్రీలకు బదులు 8 లేక 10 డిగ్రీల వద్ద ఉంచి బిల్లు తగ్గినదని చూపుట పొదుపు కాదు. సూక్ష్మజీవులు పెరిగి ఒక్క ట్యాంకు పాలు పులిసిన యెడల సంవత్సరపు ఆదా అంతయు ఒక్క పూటలో పోవును. యూనిట్ల పట్టిక ప్రక్కన పాల వేడిమి పట్టికయు ఉండవలెను. వేడిమి సరిగా నుండి యూనిట్లు తగ్గిననే అది పొదుపు.

8. సమావేశములో చర్చకు ప్రశ్నలు

సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు ఈ క్రింది ప్రశ్నలను రాబోవు సర్వసభ్య సమావేశములో చదివి వినిపించి, సమాధానములను మినిట్స్ పుస్తకములో నమోదు చేయగోరుచున్నాము.

(1) మన కేంద్రములో నూరు లీటర్ల పాలకు ఎన్ని యూనిట్లు ఖర్చగుచున్నవి? క్రిందటి సంవత్సరము ఇదే నెలలో ఎన్ని?
(2) కూలరు ఎవరి ఆస్తి? బిల్లు ఎవరు కట్టుచున్నారు? బిల్లు తగ్గిన లాభము ఎవరికి?
(3) యంత్రము నడుపు వ్యక్తికి పొదుపులో వాటా ఇచ్చుటకు మన ఉపనిబంధనలు అనుమతించునా? లేనిచో సవరణ అవసరమా?
(4) ఇంతకు పూర్వము ఏ పొదుపు పథకమైనను మన ఎదుటకు వచ్చినదా? వచ్చి చేరకపోయినచో కారణమేమి?
(5) పొరుగు సంఘములతో కలిసి ఒకే ఆడిటరును పిలుచుటకు మనము సిద్ధమా?

నాల్గవ ప్రశ్నకు నిజమైన సమాధానము వ్రాయుటకు ఎవరును సంకోచింపనక్కరలేదు. సొమ్ము లేక చేరలేదన్నను, నమ్మకము లేక చేరలేదన్నను, ఎవరును వచ్చి చెప్పలేదన్నను అది యూనియనుకు ఉపయోగపడు సమాచారమే. చేరనివారి కారణములు తెలిసిన తరువాత తయారగు పథకములోనే మన సంఘములు చేరగలవు.